చురుకూ బెదురూ

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల మొదటిరోజు ఉదయం సభలో చేసిన ప్రసంగ పాఠం)

 2022లో జిల్లాలు వేరయ్యాక గూడెం వాళ్ళు పశ్చిమ గోదావరి, మేము ఏలూరు జిల్లా అయ్యాం. బడి మాత్రం ఒక్కటే కనుక ఈరోజుకి ఆ సరిహద్దు చెరిపేద్దాం.

రేపటి సర్వసభ్య సమావేశం అజెండా మీ సంచుల్లో ఉంది. అందులో నాలుగో అంశం ఆటస్థలం బాగుచేయడం. దాని కింద బాలుర క్రికెట్, బాలుర కబడ్డీ అని రాసి ఉంది. ఎవరూ చెడు ఉద్దేశంతో రాసింది కాదు. మన ఇళ్ళల్లో, బళ్ళల్లో ఎన్నాళ్ళ నుంచో నలుగుతున్న మాట ఒకటుంది: "ఆడపిల్లలకి బెదురెక్కువ, చెయ్యీ కాలూ అంత చురుగ్గా ఆడవు" అని. ఆ మాటే అజెండాలోకి నడిచి వచ్చింది. ఈ ఒక్క వాక్యంలో చురుకు, బెదురు, ఆడామగా తేడా అని మూడు సంగతులున్నాయి. మూడింటినీ శాస్త్రజ్ఞులు చాలాకాలంగా కొలుస్తున్నారు. నేను ముప్ఫై ఏళ్ళు బి.ఇడి. విద్యార్థులకి మనోవిజ్ఞానం చెప్పినదాన్ని కనుక, ఆ కొలతలు ఏం చెబుతున్నాయో మీ ముందు పెడతాను. నిర్ణయం రేపు మీరు చేయండి.

చురుకు అనే మాటకి ప్రయోగశాలలో ఒక కొలత ఉంది. రియాక్షన్ టైమ్ అంటారు. మన పాఠ్యపుస్తకాల్లో ప్రతిచర్యా కాలం. ఒకటి కనబడిన క్షణానికో, వినబడిన క్షణానికో, దానికి మన ఒళ్ళు కదిలిన క్షణానికీ మధ్య ఉండే వ్యవధి అది. కొల్లేట్లో దోనె మీద నిలబడ్డ మనిషికి నీటిలో చేప కదలిక కనబడటానికీ, వల పట్టుకున్న చెయ్యి లేవడానికీ మధ్య ఉండేది అదే. కూతకొచ్చినవాడు చెయ్యి చాపడానికీ, మీరు కాలు వెనక్కి లాక్కోవడానికీ మధ్య ఉండేదీ అదే.

దాన్ని కొలవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు, ముప్ఫై సెంటీమీటర్ల స్కేలు చాలు. ఒకరు స్కేలు పై కొస పట్టుకుని నిలువుగా వేలాడదీయాలి. రెండోవారు కింద సున్నా గీత దగ్గర బొటనవేలూ చూపుడువేలూ తెరిచి ఉంచాలి. చెప్పకుండా స్కేలు వదిలేస్తే, రెండోవారు పట్టుకోవాలి. ఎన్నో గీత దగ్గర పట్టుకున్నారో చూస్తే కాలం తెలిసిపోతుంది, ఎందుకంటే పడే వస్తువు వేగం మనందరికీ ఒకటే. 15 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే సెకనులో నూరోవంతులు పదిహేడున్నర. 20 దగ్గరైతే ఇరవై. 30 దగ్గరైతే దాదాపు ఇరవై అయిదు. ఇంకో సరదా ఉంది. కొత్త అయిదువందల నోటు పొడవు 15 సెంటీమీటర్లు. నోటు సగం దగ్గర వేళ్ళు పెట్టమని, చెప్పకుండా వదలండి. పట్టుకుంటే నోటు నీదే అనండి. మీ డబ్బు ఎక్కడికీ పోదు. ఆ సగం నోటు జారిపోవడానికి పట్టేది పన్నెండు నూరోవంతులే. అంతలో కన్ను చూసి, మెదడు చెప్పి, వేళ్ళు మూసుకోవడం మామూలు మనిషికి సాధ్యం కాదు. ముందే ఊహించి వేళ్ళు మూసినవాళ్ళు మాత్రం పట్టుకోగలరు. పరుగు పందెంలో దాన్నే ఫాల్స్ స్టార్ట్ అంటారు.

ఇందులో రెండు రకాలున్నాయి. దీపం వెలగగానే మీట నొక్కమంటే అది సరళమైనది. ఎర్రదీపానికి కుడిచెయ్యి, పచ్చదీపానికి ఎడమచెయ్యి అంటే అక్కడ ఎంచుకోవాలి, ఆలస్యమవుతుంది. ఎంత ఆలస్యమైందో చూస్తే మనసు ఎంచుకోవడానికి ఎంతసేపు పట్టిందో తెలుస్తుందని 1868లో డాండర్స్ అనే డచ్చి వైద్యుడు చూపించాడు. ఈ తేడా గుర్తుంచుకోండి, బెదురు సంగతి దగ్గర పనికొస్తుంది.

అసలు ఈ శాస్త్రం మొదలైంది ఒక ఉద్యోగం ఊడటంతో. ఇంగ్లండులో గ్రీనిచ్ వేధశాల ఉంది. అక్కడ నక్షత్రం దుర్భిణిలోని సన్నని తీగను దాటే క్షణాన్ని, గడియారం టిక్కులు వింటూ, రాసుకోవాలి. కిన్నెబ్రూక్ అనే సహాయకుడి లెక్కలు అధిపతి మాస్కెలిన్ లెక్కలకంటే సెకనులో పదోవంతులు ఎనిమిది ఆలస్యంగా వస్తున్నాయి. అశ్రద్ధ అనుకుని 1796లో అతన్ని పంపేశారు. తర్వాత పాతికేళ్ళకు జర్మన్ ఖగోళ శాస్త్రజ్ఞుడు బెస్సెల్ ఈ సంగతి పట్టుకుని, తన లెక్కల్నీ తోటి శాస్త్రజ్ఞుల లెక్కల్నీ పోల్చి చూశాడు. ఏ ఇద్దరి లెక్కలూ కలవలేదు! మనిషికీ మనిషికీ తేడా సహజమని అప్పుడు తేలింది. పాపం, అప్పటికే కిన్నెబ్రూక్ ఉద్యోగం పోయింది. కాగితం మీద ఆలస్యం కనబడగానే అది ఆ మనిషి లోపమని రాసేస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే పాత ఉదాహరణ నాకు తెలీదు.

ఇక ఆడామగా తేడా. ఉందా లేదా అంటే, సగటున ఉంది. దాచాల్సిన పనిలేదు. సరళమైన పరీక్షల్లో మగవాళ్ళ సగటు కాస్త తక్కువ సమయం చూపిస్తుంది. ఎంత తక్కువ? సాధారణంగా సెకనులో ఒకటి నుంచి మూడు నూరోవంతులు. స్కేలు మీదైతే రెండు మూడు గీతలు, మహా అయితే అయిదారు. అదీ సగటే. ఒక తరగతిలో అబ్బాయిలందరినీ అమ్మాయిలందరినీ కలిపి చురుకు ప్రకారం వరసలో నిలబెడితే, ఆ వరస చూసి ఎక్కడ అబ్బాయిలయ్యారో ఎక్కడ అమ్మాయిలు మొదలయ్యారో ఎవరూ చెప్పలేరు. అంతగా కలిసిపోయి ఉంటారు.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. ఆ తేడా నిలకడగా లేదు. 2006లో సిల్వర్‌మన్ అనే పరిశోధకుడు 73 ఏళ్ళ వ్యవధిలో వచ్చిన 21 పరిశోధనల్ని, సుమారు 15 వేలమంది కొలతల్ని, కలిపి చూశారు. కాలం గడిచేకొద్దీ తేడా తగ్గుతూ వచ్చింది. ఆడవాళ్ళు బళ్ళు నడపడం, వేగం కావలసిన ఆటలాడటం పెరగడమే కారణం కావచ్చని ఆయన అభిప్రాయం. డెబ్బై ఏళ్ళలో ఆడవాళ్ళ నరాలు మారిపోవు కదా. మారింది వాళ్ళకి దొరికిన అవకాశం.

మూడోది నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో పరుగెత్తిన 425 మంది స్ప్రింటర్ల కొలతల్ని అమెరికా పరిశోధకులు పరీక్షించి 2011లో ప్రచురించారు. తుపాకీ మోతకి మగవాళ్ళు ఆడవాళ్ళకంటే త్వరగా కదిలినట్టు అంకెలు చూపించాయి. ప్రపంచంలోకెల్లా చురుకైన ఆడవాళ్ళు కూడా వెనకబడ్డారా అని వాళ్ళు ఇంకాస్త లోతుగా చూశారు. పరుగెత్తేవాళ్ళు కాళ్ళు ఆనించే దిమ్మెలుంటాయి. వాటిమీద ఒత్తిడి ఒక హద్దు దాటినప్పుడే "కదిలారు" అని యంత్రం రాసుకుంటుంది. ఆ హద్దు ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ ఒకటే పెట్టారు. కండబలం ఎక్కువున్నవాళ్ళు ఆ హద్దుని ముందు దాటేస్తారు. అంటే కాలు అప్పటికే కదలడం మొదలైంది, యంత్రానికి మాత్రం ఆలస్యంగా తెలిసింది. ఆడవాళ్ళకి ఆ హద్దు 22 శాతం తగ్గించి ఉంటే ఇద్దరి కాలాలూ ఇంచుమించు సమానంగా వచ్చేవని వాళ్ళ అంచనా. చురుకు కొలుస్తున్నామనుకుని బలం కొలిచారన్నమాట!

ఇది మా కళాశాల ప్రయోగశాలలో నేను ఏటా చూసిన సంగతే. మా దగ్గర వెర్నియర్ క్రోనోస్కోపు ఉండేది. దానికి రెండు లోలకాలు. ఒకటి 80 నూరోవంతుల్లో ఊగితే, రెండోది 78లో ఊగుతుంది. మొదటి మీట నేను వదిలితే, అది కనబడగానే రెండో మీట విద్యార్థి వదలాలి. రెండు లోలకాలూ ఎన్ని ఊపులకి కలుస్తాయో లెక్కపెట్టి రెండుతో గుణిస్తే ఎన్ని నూరోవంతుల ఆలస్యమో వస్తుంది. ఒక ఏడాది లంక గ్రామం నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె మీట మీద వేలు ఆనీ ఆననట్టు పెట్టింది. అంకెలు ఘోరంగా వచ్చాయి. పక్కవాళ్ళు నవ్వారు. ఏమ్మా అంటే, "మేడం, ఇది విరిగితే డబ్బులు కట్టమంటారా?" అని అడిగింది. ఆ అమ్మాయి ఇంటిదగ్గర వాళ్ళమ్మతో కలిసి తెల్లారగట్ల చేపలు రకాలవారీగా ఏరి గంపల్లో వేసేది. ఆ ఏరే వేగం మనలో ఎవరికీ రాదు. అంత చురుకున్న చెయ్యి ఇక్కడ ఎందుకు ఆగింది? యంత్రం కొత్త, నలుగురూ చూస్తున్నారు, ఖర్చు భయం. అందరినీ బయటికి పంపి, ఇరవైసార్లు ఊరికే ఆడుకోమన్నాను. తర్వాత తీసిన అంకెలు తరగతిలో ఎవరికీ తీసిపోలేదు. ఇది నేను తరగతి పనిగా చూసిందే తప్ప అచ్చు వేసిన పరిశోధన కాదు. కానీ ఆనాటి నుంచి మొదటి పది ప్రయత్నాల అంకెలు రికార్డులో రాయనివ్వలేదు.

ఇప్పుడు బెదురు దగ్గరికి వద్దాం. ఆందోళన ఎప్పుడూ చెరుపే చేస్తుందనుకుంటాం. అది నిజం కాదు. 1908లో యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు ఎలుకలకి తెల్ల పెట్టె, నల్ల పెట్టె మధ్య తేడా నేర్పారు. తప్పు పెట్టెలోకెళ్తే చిన్న కరెంటు షాకు. తేడా సులువుగా తెలిసేలా ఉన్నప్పుడు షాకు పెంచేకొద్దీ త్వరగా నేర్చుకున్నాయి. తేడా పోల్చుకోవడం కష్టంగా ఉన్నప్పుడు మాత్రం ఒక మోతాదు దాటాక షాకు పెరిగేకొద్దీ నేర్చుకోవడం మందగించింది. మనుషుల్లోనూ ఇలాంటిదే కనబడుతుంది. ఒకే పని, ఒకే మీట అయితే కొంచెం కంగారు మనల్ని నిద్ర లేపుతుంది. నాలుగింట్లో ఒకటి ఎంచుకోవాలంటే అదే కంగారు తడబాటవుతుంది. నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించే ఎంట్రన్సు పరీక్ష రాసే పిల్లలకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

ఆందోళన ఉన్నవాళ్ళు మందకొడి అనుకోవడం కూడా తప్పే. 1986లో ఒక ప్రయోగం జరిగింది. తెర మీద రెండు మాటలు చూపిస్తారు, ఒకటి మామూలుది, ఒకటి భయపెట్టేది. అవి మాయమయ్యాక ఒకదాని చోట చుక్క వస్తుంది. కనబడగానే మీట నొక్కాలి. చుక్క భయపెట్టే మాట ఉన్నచోట వస్తే, ఆందోళన ఎక్కువున్నవాళ్ళు త్వరగా నొక్కారు. వాళ్ళ చూపు అప్పటికే అక్కడుంది మరి. అంటే వాళ్ళలో చురుకు లేకపోలేదు, అది కాపలాకి పోతోంది. మైకేల్ ఐసెంక్, ఆయన సహచరులు 2007లో చెప్పిన సిద్ధాంతం సారం కూడా ఇదే. ఆందోళనలో ఉన్న మనిషి చాలాసార్లు అందరిలాగే పని పూర్తిచేస్తాడు, కానీ దానికి ఎక్కువ శ్రమ ఖర్చు పెడతాడు. మార్కుల కాగితం మీద ఆ ఖర్చు కనబడదు.

ఆడవాళ్ళలో ఆందోళన ఎక్కువా అంటే, చాలా దేశాల సర్వేల్లో ఆందోళనకి సంబంధించిన జబ్బులు ఆడవాళ్ళలోనే ఎక్కువగా నమోదవుతున్నాయి. అందులో ఒంటి తత్వం కొంత, పెంపకం కొంత, చీకటిపడితే రోడ్డు మీద నడవాలంటే ఉండే నిజమైన భయం కొంత. "మగపిల్లాడివి, భయమేంట్రా" అని నోరు నొక్కేస్తే అబ్బాయిలు చెప్పుకోకపోవడం కూడా కొంత. కానీ ఇక్కడే మనం ఒక తొందరపాటు ముడి వేస్తాం. ఆడవాళ్ళకి ఆందోళన ఎక్కువ, ఆందోళన ఉంటే ఆలస్యం, కాబట్టి ఆడవాళ్ళు ఆలస్యం అని. ఈ మూడో మాట మొదటి రెండింటి నుంచి రాదు. ఆందోళన ఒక పనిలో వేగం పెంచుతుంది, మరో పనిలో తగ్గిస్తుంది. పైగా స్వభావంలో ఉండే ఆందోళన వేరు, ఆ పూట ఆ సందర్భంలో పుట్టే ఆందోళన వేరు. స్పీల్‌బర్గర్ 1970లో అచ్చువేసిన ప్రశ్నావళి ఈ రెండింటినీ విడివిడిగా కొలుస్తుంది. స్వభావాన్ని మార్చడం కష్టం. సందర్భాన్ని మార్చడం మన చేతిలో పని.

మన తెలుగమ్మాయి జ్యోతి యర్రాజీ, విశాఖపట్నం బిడ్డ, 2023 అక్టోబరు 1న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వంద మీటర్ల హర్డిల్స్ ఫైనల్లో దిమ్మెల మీద ఉంది. పక్కనున్న చైనా అమ్మాయి తుపాకీ మోగకముందే లేచింది. ఆ కదలిక చూసి జ్యోతీ లేచింది. తర్వాత చాలాసేపు వాదన, వీడియోలు చూడటం, ఎవరిని పంపేస్తారో తెలియని అయోమయం. చివరికి ఇద్దరినీ పరుగెత్తనిచ్చి నిర్ణయం తర్వాత చెబుతామన్నారు. వేల జనం ఎదుట, పరాయి మైదానంలో, తన పరుగు లెక్కలోకి వస్తుందో రాదో తెలియకుండా ఆ పిల్ల మళ్ళీ దిమ్మెల మీద కూర్చుని 12.91 సెకన్లలో పరుగు పూర్తిచేసింది. మూడోదిగా వచ్చింది. తొందరపడ్డ అమ్మాయిని తొలగించాక రజతం దక్కింది. అంతకు రెండు నెలల ముందు చెంగ్డూలో ఆమె నెలకొల్పిన జాతీయ రికార్డు 12.78. మధ్య ఉన్న పదమూడు నూరోవంతులూ కంగారు వల్లేనని నేను అనను, గాలీ అలసటా కూడా ఉంటాయి. కానీ అంత బెదురు పెట్టే పూట కూడా అంతే తేడాతో పరుగెత్తగలగడం సాధన చేసిన పని. వందలసార్లు దిమ్మెల మీద కూర్చున్న ఒంటికి ఆ నూటొక్కోసారి కొత్త కాదు.

రోడ్డు సంగతి ఒక్కటి చెబుతాను, ఎందుకంటే కైకలూరు, ఆకివీడు వైపు ఊళ్ళ నుంచి ఆడపిల్లలు స్కూటీల మీద కాలేజీలకి వస్తున్నారు, "మీకు బ్రేకు అందదు" అని అన్నలూ మావయ్యలూ ఎగతాళి చేస్తున్నారు. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు వెళ్తుంది. ఆడామగా సగటు తేడా మూడు నూరోవంతులే అనుకున్నా, ఆ వ్యవధిలో బండి వెళ్ళేది అర మీటరు, అంటే అడుగున్నర. అదే హైవే మీద రెండు సెకన్లు ఫోను వంక చూస్తే వెళ్ళేది 33 మీటర్లు. రాత్రంతా నిద్రలేకపోతే ఎవరి చేతులైనా మందగిస్తాయి. అడుగున్నర గురించి వేళాకోళమాడుతూ ముప్ఫై మూడు మీటర్లు మర్చిపోవద్దు.

నా వయసు వాళ్ళకి ఒక ఓదార్పు. బ్రిటన్‌లో 7,130 మంది పెద్దవాళ్ళ కొలతలు చూస్తే, సరళమైన చురుకు యాభై దాకా పెద్దగా తగ్గలేదు. ఎంచుకోవలసిన పనుల్లో మాత్రం యవ్వనం నుంచే మెల్లగా తగ్గుతూ వచ్చింది. మధ్యాహ్నం భోజనాల్లో పూతరేకులా కాజానా అని మా బ్యాచి వాళ్ళు తేల్చుకోలేకపోతే క్షమించండి.

రేపటి నాలుగో అంశానికి నా సవరణలు మూడు. ఒకటి, ఆటస్థలం నిధిలో సగం బాలికల పేర రాయాలి. సాయంత్రం ఒక గంట మైదానం పూర్తిగా వాళ్ళది కావాలి, నేర్పడానికి ఒక మహిళా శిక్షకురాలు ఉండాలి. మేము చదివేరోజుల్లో ఆటల పీరియడులో అబ్బాయిలు మైదానంలోకి వెళ్ళేవారు, మేము చెట్టుకింద టెన్నికాయిట్ రింగు విసురుకునేవాళ్ళం. ఆ రింగు మాకు ఎంతో సంతోషమిచ్చింది, కానీ ఎదురుగా దూసుకొచ్చే బంతిని చూసి బెదరకుండా ఉండటం రింగుతో రాదు. రెండు, జట్ల ఎంపికలో ఆడపిల్లలకైనా మగపిల్లలకైనా మొదటి పది ప్రయత్నాలు లెక్కలోకి తీసుకోవద్దు, మొదటిరోజే బడంతా చుట్టూ చేరి చూడవద్దు. దీనికి పైసా ఖర్చు లేదు. మూడు, గూడెం, లంకల పిల్లలు ఆ సాయంత్రపు గంట ఉండిపోతే వాళ్ళ బస్సు తప్పిపోతుంది. ఇంటికి చేర్చే ఆటో ఖర్చు సంఘం భరించాలి. చీకటిపడ్డాక ఇంటికెలా వెళ్ళాలన్న బెంగ మనసులో ఉన్న పిల్ల బంతి మీద చూపు పెట్టలేదు.

ఈ మూడూ చేసి అయిదేళ్ళు చూడండి. తేడా అప్పటికీ మిగిలితే మిగలనీయండి, అప్పుడది ప్రకృతిదని ఒప్పుకుందాం. ఇవేవీ చేయకుండా కొలిచేది మాత్రం మనం వాళ్ళకి ఇవ్వని మైదానాన్నే.

భోజనాల తర్వాత సైన్సు గదిలో ఇరవై స్కేళ్ళు పెట్టిస్తున్నాను. పిల్లలూ, మీ అమ్మలనీ నాన్నలనీ లాక్కురండి. గుర్తుంచుకోండి, మొదటి పదీ లెక్క కాదు.